సగంలో దింపిన పెనం

మునగపాక వైపు బెల్లం వండే మేస్త్రులు చాలామందే ఉన్నారు. కానీ ముప్ఫై ఏళ్ళలో ఒక్క పెనం కూడా చెడగొట్టని మేస్త్రి ఎవరంటే కనకరాజు పేరే చెబుతారు. ఎవరూ చెప్పకపోతే ఆయనే చెప్పుకుంటాడు, అందులో మొహమాటమేమీ లేదు. రసం పెనంలో పోసి, పొయ్యిలో చెరకుపిప్పి అంటించాక మూడు గంటలపాటు ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఒకసారి దగ్గరి చుట్టాలు పెళ్ళి పిలుపుకి వస్తే, చేతిలో తెడ్డు వదలకుండా శుభలేఖ అందుకుని, నురగ వంక చూస్తూనే తలూపి పంపించేశాడు. పెళ్ళి ఎవరిదో మర్నాడు భార్యని అడిగి తెలుసుకున్నాడు.

గానుగ పాకలో ఇది గొప్ప గుణమే. అదే గుణాన్ని ఆయన కొండ మీదకి కూడా తీసుకెళ్ళాడు. ఒక కుటుంబం ఏడాదిపాటు తిన్న తిండి ఒంటబట్టకుండా పోవడానికి అదే కారణం.

మాడుగుల దాటాక ఏనుగుమెడ అని ఒక కొండ ఉంది. మంచు విడిపోయిన ఉదయాల్లో చెరకు తోటల మీదుగా దాని శిఖరం సన్నగా కనిపిస్తుంది. చిన్నప్పటినుంచీ దాన్ని చూస్తూ పెరిగిన కనకరాజు, కిందటి ఏడు మాఘంలో ఒక ఆదివారం తన బావమరిది నానాజీని వెంటబెట్టుకుని ఎక్కాడు. తెల్లవారి ఎక్కి సాయంత్రానికి దిగిపోవాలి, అంతే వాళ్ళ ప్లాను. కానీ బయలుదేరడమే ఆలస్యమై, కొండ మొదలుపెట్టేసరికి పదిన్నర దాటింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి నానాజీ, "ఇక్కడికి సాలు బావా, ఎనక్కి ఎల్లిపోదాం" అన్నాడు. కనకరాజు వినలేదు. మూడున్నరకి శిఖరం మీద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. దిగుతుంటే సగం దారిలోనే పొద్దుపోయింది. గెడ్డ అనే కొండవాగు దాటుతున్న చోట, నాచు పట్టిన బండ మీద నానాజీ కాలు జారింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. కొండ కింది ఊరినుంచి రాములు అనే పెద్దాయన నలుగురితో లైట్లు పట్టుకొచ్చి, డోలీ కట్టి మోసుకొచ్చాడు. తరవాత అనకాపల్లిలో ఆపరేషను, కాల్లో రాడ్డు, ఐదు నెలలు మంచం.

నానాజీ అక్క రామతులసి కనకరాజు భార్య. ఆవిడ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. పాతికేళ్ళుగా గానుగ పాకకి తానే తెచ్చి ఇచ్చే టీని ఆ రోజునుంచి పొయ్యిలో పిప్పి ఎగదోసే నూకరాజు చేత పంపడం మొదలుపెట్టింది. ఏడాదైంది. ఆ గ్లాసు నూకరాజు చేతిలోంచి అందుకున్న ప్రతిసారీ కనకరాజుకి గుండెలో గుచ్చుకునేది.

ఈ ఏడు మాఘం వచ్చింది. ఒక ఉదయం నానాజీ ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ గానుగ పాకకి వచ్చి, పిప్పి మోపు మీద కూర్చున్నాడు.

"బావా, ఏనుగుమెడకి మళ్ళీ ఎల్దాం."

కనకరాజు తెడ్డు ఒక్క క్షణం ఆగింది. ఆయన చేతిలో తెడ్డు ఆగడం నూకరాజు అంతకుముందు చూడలేదు.

"నీకేటైనా మతి పోయిందేటి?"

"ఎక్కాలని కాదు బావా. దిగాలని. పోయినేడు డోలీలో దిగేను. ఆ రోజునుంచి పొలంగట్టు దిగాలన్నా కాళ్ళు వణుకుతన్నాయి. కాలవ మీద సిమెంటు పలక దాటలేక సుట్టూ తిరిగి ఎల్తన్నాను. డాక్టరుగారు కాలు బాగుందన్నారు, కొండైనా ఎక్కొచ్చన్నారు. కాలు బాగుంది, నానే బాగోలేను. ఆ గెడ్డ కాడ నా కాళ్ళతో నాను దిగాలి."

"మరెవరితోనైనా ఎల్లు. నాతో వద్దు."

"పడేసినోడివి నువ్వు. దింపాల్సింది నువ్వే" అన్నాడు నానాజీ. గొంతులో కోపం లేదు. అది కనకరాజుకి ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ రోజునుంచి ప్లాను మొదలైంది. పాత క్యాలెండరు కాగితం వెనక కనకరాజు లెక్కలు రాశాడు. నాలుగున్నరకి ఆటోలో బయలుదేరాలి. ఆరున్నరకి కొండ మొదలు. అక్కణ్ణుంచి శిఖరానికి, నానాజీ కాలుతో ఆరు గంటలు. దిగడానికి మూడు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, పులిహోర, రెండు టార్చిలైట్లు, ఒక తాడు. అనకాపల్లి మెయిన్‌రోడ్డులో నానాజీకి జారని బూట్లు, మందుల షాపులో మోకాలికి పట్టీ కొన్నారు. అంతా అయ్యాక రాములుకి ఫోన్ చేసి ఆ లెక్క చదివి వినిపించాడు.

రాములు లెక్కంతా విన్నాడు. తరవాత, "దిగడానికి మూడు గంటలని ఎవరు సెప్పేరు మేస్త్రీ?" అన్నాడు.

"ఎక్కడంలో సగం కదా."

"మంచి కాలుకి సగం. రాడ్డు కాలుకి కాదు. ఎక్కినంత సేపూ పడతాది, ఇంకా ఎక్కువే పడతాది. ఆరింటికి పొద్దు పోతాది. పన్నెండింటికి ఎక్కడుంటే అక్కడ ఎనక్కి తిరగాలి. కొండ కొస పది అడుగుల్లో ఉన్నా సరే. దానికి ఒప్పుకుంటేనే నాను దారి సూపిత్తాను. లేదంటే మళ్ళీ డోలీ మోయడానికి నా ఒంట్లో ఓపిక లేదు."

"ఒప్పుకున్నాను" అన్నాడు కనకరాజు. క్యాలెండరు కాగితం మీద పన్నెండు అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు. శిఖరానికి ఆరు గంటలు, చేతిలో ఉన్నవి ఐదున్నర. తేడా అరగంటే. ఆ అరగంట ఎక్కడో ఒకచోట కలిసొస్తుందిలే అని లోపలెవరో అంటూనే ఉన్నారు. ఆ గొంతు కొత్తది కాదని ఆయనకీ తెలుసు.

రాత్రి అన్నాల దగ్గర నానాజీ అక్కకి సంగతి చెప్పాడు. రామతులసి చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ కాగితం తీసుకుని పైనుంచి కిందదాకా చదివింది. ఏడాది తరవాత మొదటిసారి మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"పన్నెండింటికి తిరుగుతావా?"

"తిరుగుతాను."

"పోయినేడు ఈడు రెండింటికి తిరుగుదామంటే నువ్వేటన్నావో నాకు తెల్దనుకున్నావా? ఆసుపత్రిలో ఈడే సెప్పేడు. పొయ్యి మీద పెట్టిన పెనం సగంలో దింపుతారేటి అన్నావు."

కనకరాజు తల దించుకున్నాడు. ఆ మాట అన్నది నిజమే. దాన్ని ఆవిడ ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరుగుతోందని మాత్రం ఆయనకి తెలియదు.

"పిల్లల మీద ఒట్టేత్తాను."

"ఒట్లు నాకొద్దు. ఎల్లుండి మన చెరకే గానుగ ఆడిత్తన్నావు కదా. తొమ్మిదిన్నరకి పెనం ఎక్కించు. పన్నెండు కొట్టేసరికి మంట లాగెయ్యి. అప్పుడు నమ్ముతాను. నమ్మితేనే నా తమ్ముణ్ణి పంపుతాను."

కనకరాజు అన్నం ముందునుంచి లేచిపోయాడు. తొమ్మిదిన్నరకి ఎక్కించిన పెనం పన్నెండున్నరకి కానీ పాకానికి రాదు. అరగంట ముందు మంట లాగితే అది దిమ్మ కట్టదు, బెల్లం కాదు. ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. ఊరంతా నవ్వుతుంది. ఇవన్నీ రామతులసికి తెలుసు. తెలిసే అడిగింది.

ఆ రోజు పెనం తొమ్మిదిన్నరకే ఎక్కింది. కనకరాజు సున్నపు తేట వేశాడు, పైకి తేలిన మడ్డి తీశాడు. పదకొండు దాటేసరికి రసం రంగు తిరిగి, పెద్ద పెద్ద బుడగలు లేవడం మొదలైంది. ఆ సీజనులో అంత చక్కటి రంగు రాలేదు. పావుతక్కువ పన్నెండుకి రామతులసి ఫోను చేత్తో పట్టుకుని పాకలోకి వచ్చి గుంజ పక్కన నిలబడింది. నానాజీ వచ్చాడు. ఎలా పాకిందో కబురు, ఇరుగుపొరుగు రైతులు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చారు.

"పన్నెండైంది" అంది రామతులసి.

కనకరాజు కదల్లేదు. బుడగలు చిన్నవవుతున్నాయి. పాకం తెడ్డుకి అంటుకుని దారంలా జారుతోంది. ఇంకొంచెం. ముప్ఫై ఏళ్ళుగా ఆయన బతికిందంతా ఈ ఇంకొంచెం కోసమే. నుదుటి చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోలేదు.

"పన్నెండు దాటి రెండు నిమిషాలు" అందావిడ. చూపు ఫోను మీద లేదు, మొగుడి చేతి మీదే ఉంది. తన అనుమానమే ఓడిపోవాలని ఆవిడ ఎంత కోరుకుంటోందో అప్పుడు నానాజీకి అర్థమైంది.

కనకరాజు తెడ్డు కింద పెట్టి పొయ్యి వెనక్కి వెళ్ళాడు. ఇనప కొంకి తీసుకుని, మండుతున్న పిప్పినంతా బయటికి లాగడం మొదలుపెట్టాడు. నూకరాజు లబలబలాడాడు.

"మేస్త్రీ, ఏటిది? పాకం దగ్గరకొచ్చేసింది."

"నీళ్ళు పొయ్యి" అన్నాడు కనకరాజు.

నీళ్ళు పడగానే పాక నిండా బూడిద, పొగ. పెనంలో ఉడుకు కాసేపు ఉండి తగ్గిపోయింది. మీద మీగడలాంటి పొర కట్టింది. రైతుల్లో ఒకాయన పెదవి చప్పరించి బయటికి నడిచాడు. కనకరాజు చెరకు గెడల మీద కూలబడ్డాడు. ఏడవలేదు కానీ, అయినవాళ్ళు పోయిన ఇంట్లో మనిషిలా ఉన్నాడు. రామతులసి ఆయన దగ్గరికి రాలేదు. ఇంటికెళ్ళి బిందెలు తెచ్చి, ఆ పాకమంతా జాగ్రత్తగా ఎత్తి పెట్టుకుంది.

"ఆదివారం కొండకి ఎల్లండి. నానూ ఆటోలో కొండ కిందకి వత్తాను" అంది వెళ్తూ వెళ్తూ.

ఆదివారం ఏనుగుమెడ వాళ్ళనేమీ కరుణించలేదు. మంచు తొమ్మిదైనా విడలేదు. రాళ్ళన్నీ తడి. రాములు ముందు, నానాజీ మధ్య, కనకరాజు వెనక. నానాజీ ప్రతి అడుగూ ఎడమకాలితో తడిమి చూసి వేస్తున్నాడు. పదకొండుకి మంచు పోయి ఎండ కాసింది. పన్నెండుకి కనకరాజు జేబులో ఫోను మోగేసరికి శిఖరం వాళ్ళ ఎదురుగా ఉంది. దాని మీది గడ్డి గాలికి ఊగడం కూడా తెలుస్తోంది.

రాములు ఒక రాయి మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

"బావా, అరగంట. కాలు బాగుంది, ఒట్టు. అరగంటే" అన్నాడు నానాజీ.

కనకరాజు శిఖరం వంక చూశాడు. కాళ్ళు వాటంతటవే ముందుకి లాగుతున్నాయి. అబద్ధమెందుకు, బావమరిది కన్నా ఆయనకే ఎక్కువ ఆశగా ఉంది. నానాజీ అడిగాడు కాబట్టి ఈసారి తప్పు తనది కాదు అని కూడా ఒక ఆలోచన వచ్చింది. దానికి ఆయనే సిగ్గుపడ్డాడు.

"నువ్వు దిగడానికొచ్చేవు నానాజీ. దిగు" అని వెనక్కి తిరిగాడు.

రాములు చెప్పిందే నిజమైంది. దిగడం ఎక్కడం కన్నా నెమ్మదిగా సాగింది. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నాలుగైంది. ఇంకా మంచి వెలుగుంది. అదే బండ, అదే నాచు. నానాజీ ఆగిపోయాడు. ఎడమకాలు చీలమండ దగ్గర్నుంచి వణకడం వెనకనున్న కనకరాజుకి కనిపిస్తోంది.

"సెయ్యి ఇమ్మంటావా?" అన్నాడు కనకరాజు.

"వద్దు."

"తొందర లేదు. రెండు గంటలుంది పొద్దు."

నానాజీ పావుగంట అక్కడే నిలబడ్డాడు. ఆ పావుగంటా కనకరాజు అతని వెనకనుంచి కదల్లేదు. చేతులు ముందుకి చాపి, ముట్టుకోకుండా, పడితే పట్టుకునేలా నిలబడ్డాడు. నానాజీ బండ మీద కూర్చుని, మంచి కాలు కింద రాయికి ఆనించి, తరవాత రాడ్డు కాలు దించి, అటువైపు గట్టుకి చేరాడు. చేరాక వెనక్కి తిరిగి చూసి నవ్వబోయి, ఏడ్చేశాడు. కనకరాజు కూడా ఏడ్చాడు. రాములు మాత్రం పొద్దు వంక చూసి, "నడవండి బాబూ" అన్నాడు.

కొండ మొదట్లో రాములు ఇంటి ముందు రామతులసి నాలుగింటినుంచీ నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా ముందు రాములు తల, తరవాత నానాజీ కనిపించారు. నానాజీ రెండు కాళ్ళ మీదా నడుస్తున్నాడు. ఆవిడ తమ్ముడి దగ్గరికి పోయి మోకాలు తడిమి చూసింది.

"కొండ కొసకి ఎల్లేరేటి?"

"ఎక్కడ? ఎదర కనబడతంటే బావ తిప్పేసేడు" అన్నాడు నానాజీ, ఫిర్యాదులాగా.

రామతులసి ఆటోలోంచి ఫ్లాస్కు తీసింది. గ్లాసులో టీ పోసింది. నానాజీ చెయ్యి చాపాడు కానీ ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళి, వెనక నిలబడ్డ కనకరాజు ముందు ఆగి, గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"పాలు పొయ్యలేదు, ఇరిగిపోతాయని" అంది. "నువ్వు దింపేసిన పాకమే కలిపేను. తాగు, సల్లారిపోతాది."