కొత్త గదిలో గాలి

మా బాపు మంచిర్యాల పక్క బొగ్గుగనిలో సర్దార్. కూలీల కంటే ముందు దిగి, దీపం పట్టుకుని లోపలి గాలి చూడటం ఆయన పని. మంట పొడవైతే పేలే గ్యాసు ఉన్నట్టు, మంట కుంగితే ఊపిరాడని గాలి ఉన్నట్టు. ఆ దీపం గని దాటి బయటికి రాదు గానీ, ఆ అలవాటు మాత్రం ఆయన వెంట ఇంటిదాకా వచ్చేది. మా వాడలో ఎవరు బావి పూడిక తీయాలన్నా ముందు బాపు వచ్చి లోపలికి వెలిగించిన కందిలి దించి చూడాల్సిందే. ఆయన సరేనంటే తప్ప గాలి కూడా వీచదన్నట్టుండేది వ్యవహారం.

ఎనభైలలో, నా తొలి కాన్పు నాటికి ఆయన కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. స్లాబు వేసి, సున్నం కొట్టి ఒక గది పూర్తి చేశారు. ఇరవై ఒకటో రోజున నన్నూ పాపనూ ఆ గదిలోకి తీసుకుపోవాలని బాపు పట్టుదల. పాత ఇంట్లో రేకుల కింద చలికి పాప ముక్కు కారుతూనే ఉండేది. అక్కడి నుంచి ఎప్పుడు బయటపడతానా అని నాకూ తొందరగానే ఉంది. గోడలే ఇంకా ఆరలేదు. చెయ్యి పెడితే చల్లగా, తడితడిగా తగిలేవి.

అవి ఆరాలని ఇరవై ఒకటో రోజు పొద్దున బాపు గదిలో రెండు కుంపట్లు పెట్టించాడు. మా ఇంట్లో దేనికి కొదవున్నా బొగ్గుకు లేదు. మా దగ్గర అందరిదీ ఒకటే పద్ధతి. బొగ్గు వాకిట్లో రాజేసి, పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తెస్తారు. పొగ పోతే ఇక భయం లేదనుకునేవాళ్లం. బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించారు.

మధ్యాహ్నం బాపు కందిలి వెలిగించుకుని గదిలోకి వెళ్లాడు. నేల దగ్గర పెట్టి చూశాడు. స్టూలెక్కి స్లాబు దగ్గర పట్టి చూశాడు. నేను గడపలో పాపను ఎత్తుకుని నిలబడ్డాను.

"సూసినవా బిడ్డా, మంట కదలలే. గాలి మంచిగున్నది. ఇగ ఫికర్ లేదు" అని కందిలి అక్కడే గూట్లో పెట్టాడు.

నేను అడుగు వేయబోతుంటే బాపు వాళ్ల అవ్వ, మా బాపమ్మ, అడ్డం వచ్చింది.

"దీపం సంగతి నాకు తెల్వది. పసిపిల్ల పండే జాగల ముందుగాల పెద్దమనిషి పండాలె. జరసేపు నేను పండుకుంట."

"నీకన్నీ అనుమానాలే అవ్వా" అని బాపు నవ్వాడు.

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. బాపు పెరట్లోకి వెళ్లాడు. నేను బయటే ఉండిపోయాను. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోదు. చేతులు గుంజుతున్నాయి, నడుము నొప్పి, పాప ఏడుపు. ఈ ముసలమ్మ చాదస్తానికి అంతు లేదా అని నాకు ఒళ్లు మండింది.

"ఇంకెంతసేపు బాపమ్మా?"

"వస్తున్న" అంది. నాలుక మొద్దుబారినట్టుంది ఆ గొంతు. ఇంకోసారి పిలిస్తే ఆ మాటా లేదు. నేను బాపును కేకేశాను.

ఆయన తలుపు నెట్టేసరికి ఆమె మంచం అంచున తల పట్టుకుని కూర్చుని ఉంది. లేవబోతే కాళ్లు నిలవలేదు. గూట్లో కందిలి నిమ్మళంగా వెలుగుతూనే ఉంది. బాపు ఆమెను ఎత్తుకొచ్చి వాకిట్లో నులక మంచం మీద పడుకోబెట్టాడు. రెండుసార్లు వాంతి చేసుకుంది. చాలాసేపటికి గానీ కళ్లు తేటపడలేదు.

బాపు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నిప్పుల నుంచి వచ్చే గాలిని దీపం పట్టదవ్వా. గనిల నిప్పంటుకుంటే పంజరంల పిట్టను పట్టుకొని దిగుతం. పిట్ట పడిపోతే ఎనుకకొస్తం. నాకు ఎరుకే. ఇంట్ల యాదికి రాలే. పిట్ట జాగల నిన్ను పెట్టిన" అని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఏడ్వకురా" అంది బాపమ్మ. "నేను పోకుంటే గీ పిల్ల పోతుండె, సంటిదాన్ని పట్టుకొని."

ఆ సాయంత్రమే బాపు గడ్డపారతో కొత్త గోడకు పైన రంధ్రం కొట్టాడు. నిక్షేపంలాంటి గోడ పాడుచేసినవని బాపమ్మ మంచంలోంచే తిట్టింది. గోడలు వాటంతట అవే ఆరాక, ఎండాకాలంలో, కిటికీలు తెరిచి ఆ గదిలోకి వెళ్లాం. మా పాపకు అక్కడే నడక వచ్చింది.

బాపమ్మ ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. ఆ రోజు ఆమె లోపల ఉన్నంతసేపూ నేను తలుపు బయట నిలబడి ఆమెను తిట్టుకున్నానని మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను.