కొండెక్కే పిల్ల వెనకాల

మా గోదావరి జిల్లాలో ఎత్తంటే కాలవగట్టే. కాలేజీ రోజుల్లో నేను సైకిలు తొక్కింది ఆ గట్టు మీదే, చున్నీ నడుముకి బిగించుకుని, ఎదురుగాలిని తిట్టుకుంటూ. అలాంటిదాన్ని యాభై దాటాక వాంకూవర్ పక్కన బర్నబీలో మా ఆయన సైకిలు సీటు దించుకుని కొండ రోడ్డు ఎక్కాల్సొచ్చింది. ఆరోగ్యం కోసమా అని తెలిసినవాళ్ళు అడిగారు. అవునన్నాను. ఆరోగ్యం కోసమే, కాకపోతే నాది కాదు.

మా అమ్మాయి ఆ కొండ మీది యూనివర్సిటీలోనే చదివేది. చలికాలంలో చదువు మానేసింది. ఎందుకని అడిగితే తలుపేసుకుంది. గదిలోకి పంపిన కంచం పంపినట్టే తిరిగొచ్చేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ మందులు రాసి, మమ్మల్నిద్దర్నీ పక్కకి పిలిచి, ఒంటరిగా వదలకండి, అలాగని ఊపిరాడకుండా మీద పడకండి అంది. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. "తనకి తను ఏమైనా చేసుకుంటుందా?" అని అడిగేశాను. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజునుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

చెట్లు చిగురు వేస్తున్నప్పుడు ఒక పొద్దున తనే బేస్‌మెంట్లోంచి సైకిలు తీసింది. గుమ్మంలో ఎవరు బయల్దేరుతున్నా నా నోరు ఒకటే మాట అంటుంది. "జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నాను. అది వెళ్ళాక మేమిద్దరం పండగ చేసుకున్నంత పని చేశాం. సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఫోను టేబుల్ మీదే ఉంది, పిల్ల జాడ లేదు. సాయంత్రం చెమటలు కక్కుతూ వచ్చి, మా మొహాలైనా చూడకుండా మెట్లెక్కి గదిలోకి పోయింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ప్రతి కష్టానికీ ఎక్కడో ఒక యాప్ ఉంటుందని ఆయన నమ్మకం. ఫోనే పట్టుకెళ్ళని పిల్లకి యాప్ ఏం చేస్తుంది? ఒకరోజు కారేసుకుని వెనకాలే మెల్లగా వెళ్ళారు. మలుపులో అది తిరిగి చూసేసింది. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు.

"నేను వెళ్తా, సైకిలు మీద," అన్నాను.

"నువ్వా? ఆ కొండా?"

"నేనే. ఆ కొండే."

పార్ట్‌టైమ్ ఉద్యోగానికి సెలవు పెట్టేశాను. పొట్టేలు కొమ్ముల్లా వంగిన ఆ హ్యాండిల్ పట్టుకుని మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్ళేసరికే నడుము పట్టేసింది.

హేస్టింగ్స్ వీధి చివర ఇళ్ళు అయిపోయి చెట్లు మొదలవుతాయి. అక్కడినుంచి రోడ్డు ఇక పైకే. వాంకూవర్ నుంచి వారాంతాల్లో జనం రంగురంగుల బిగుతు బట్టలు వేసుకుని సరదాగా ఎక్కే దారి అది. దేవదారు చెట్ల సందుల్లోంచి కింద సముద్రపు పాయ, అవతల మంచు కొండలు, ఎవరైనా ఆగి ఫోటో తీసుకుంటారు. నాకు ఆ అందమేదీ కనపడలేదు. మలుపు తిరగగానే ముందు దాని పసుపు జాకెట్ కనపడాలి, అంతే. కనపడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. గేర్లన్నీ అయిపోయాక దిగి తోసుకుంటూ నడిచేదాన్ని. పక్కనుంచి వెళ్ళే కుర్రాళ్ళు "గుడ్ జాబ్!" అని అరిచేవాళ్ళు. వాళ్ళని తన్నాలనిపించేది.

నేను వెనకాల వస్తున్నానని దానికి తెలుసు. ఆగేది కాదు, పొమ్మనేది కాదు. పైన పార్కులో ఒక బెంచీ ఉంది. అక్కడ సముద్రానికి వీపు పెట్టి, తను మానేసిన యూనివర్సిటీ బిల్డింగుల వైపు చూస్తూ కూర్చునేది. నేను దూరంగా గడ్డిలో చతికిలబడి అరటిపండు తింటున్నట్టు నటించేదాన్ని. మొక్కని దేవుడు లేడు. తిరుపతిలో నా జుట్టంతా ఇచ్చేస్తానన్నాను. తర్వాత ఆ దేవుడి మీదే కోపం వచ్చేది. ఈ కొండ మీదా, ఈ వాన మీదా, ఈ దేశం తీసుకొచ్చిన మా ఆయన మీదా కోపం. అది లేచి సైకిలెక్కగానే కోపం పోయి భయం ఒక్కటే మిగిలేది. దిగుడులో దాన్ని అందుకోవడం నా తరం కాదు.

ఒకరోజు ముసురు పట్టింది. నేను పైకి చేరేసరికి బెంచీ ఖాళీ. పార్కంతా తిరిగాను. అక్కడ బొమ్మలు చెక్కి పాతిన కొయ్యస్తంభాల వెనక చూశాను, బాత్‌రూముల్లో చూశాను, బస్టాపులో చూశాను. కనపడినవాళ్ళనల్లా పసుపు జాకెట్ అమ్మాయిని చూశారా అని అడిగాను. లేదన్నారు. అయిపోయింది, నా పిల్ల అయిపోయింది అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాను. హెల్మెట్ పట్టీ పెట్టుకోకుండానే సైకిలెక్కాను.

కొండ దిగి కుడికి తిరిగితే బార్నెట్ రోడ్డు. ఒకపక్క అడవి, ఒకపక్క రైలు పట్టాలు, వాటి కింద నీళ్ళు. అటు తిరిగాను. ఎందుకు తిరిగానో చెప్పలేను, తల్లి కాళ్ళకే తెలియాలి. లారీలు నీళ్ళు చిమ్ముతూ పక్కనుంచి పోతున్నాయి. దిగుడు సగంలో కనపడింది. సైకిలు రెయిలింగుకి ఆనించి, వంగి, కదలకుండా ఉంది.

"అమ్మలూ!" అని గావుకేక పెట్టి ముందు బ్రేకు గట్టిగా నొక్కాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు.

కళ్ళు తెరిచేసరికి అది నా పక్కన మోకాళ్ళ మీద ఉంది. చేతులనిండా నల్లటి మడ్డి. వెనక చక్రం ఊడదీసి ఉంది. పంక్చరైతే ట్యూబు మార్చుకుంటోంది. ట్యూబు మార్చుకునే మనిషి ఇంటికి రావాలనుకునే మనిషేగా! ఆ నల్లటి చేతులు పట్టుకుని రోడ్డు పక్కనే బావురుమన్నాను.

"వై ఆర్ యూ ఫాలోయింగ్ మీ, అమ్మా?"

"నువ్వెక్కడికి పోతున్నావో నాకు తెలీక."

"యూ నెవర్ ఆస్క్‌డ్," అంది. ఇంకా ఇంగ్లీషులోనే చెప్పింది. చిన్నప్పటినుంచి ఎక్కడికని ఒక్కసారి కూడా నేను అడగలేదట. స్నేహితురాళ్ళ అమ్మలు గుమ్మంలో నిలదీస్తుంటే తనకి అసూయగా ఉండేదట. చదువు మానేయడానికి ముందు, మంచు కురుస్తున్న ఒక పొద్దున బ్యాగు తగిలించుకుని, బూట్ల లేసులు కట్టి, విప్పి, మళ్ళీ కట్టిందట. "నువ్వు అడిగితే చెప్పేద్దామని. నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా అన్నావు. అందుకే నీకు తెలుసుకోవాలని లేదనుకున్నా."

ఎలా చెప్పను? బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడక్కూడదని, అడిగితే పని చెడుతుందని, అంతకన్నా చెడు జరుగుతుందని మా ఇంట్లో అందరికీ హడలు. ఎవరైనా నోరు జారితే మా నాన్న గొడుగు విసిరికొట్టేవారు. 'ఎందాకా' అంటే ఫరవాలేదు కానీ, ఆ మాట ఇక్కడ పెరిగిన పిల్లకి తెలియదని నేను అదీ వదిలేశాను. దాని క్షేమం కోసమే ఇన్నేళ్ళూ నోరు కుట్టుకున్నాను. వానలో కూర్చుని అదంతా చెప్పాను.

అది మడ్డి చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. "ఎవరైనా అడిగేస్తే?"

"వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి."

"అంటే రీస్టార్ట్ కొట్టడమా?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆ మంచు రోజు ఎక్కడికి వెళ్ళిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అది చక్రం బిగించింది. ఇద్దరం సైకిళ్ళు తోసుకుంటూ ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున అది గుమ్మంలో కూర్చుని లేసులు కట్టుకుంటోంది. తాపీగా కడుతోంది. నా మోకాలికి కట్టు. ఇవాళ వెనకాల వెళ్ళలేను. రాత్రంతా ఆలోచించినా భయం ఇంత కూడా తగ్గలేదు. మా అమ్మ, అమ్మమ్మ, నాన్న, అందరూ కలిసి నా నోరు మూస్తున్నట్టుంది.

"ఎక్కడికే?" అన్నాను.

అది తలెత్తింది. "బెల్కారా. పోర్ట్ మూడీ దాటాక, సముద్రం దాకా. దారంతా ఎక్కుడూ దిగుడూనే," అంది, తెలుగులోనే. "లంచ్‌కి వచ్చేస్తా."

లేచి తలుపు తీసింది. ఒక కాలు బయట పెట్టి ఆగింది. మళ్ళీ తలుపు వేసి, బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. నన్ను చూస్తూ చివరి గుక్క దాకా తాగింది. గ్లాసు సింకులో పెట్టి, అప్పుడు బయల్దేరింది.