కోదాడ మేడమ్ గురించి నేను చెప్పిన అబద్ధం

పోయిన నెల మా మేనకోడలు మిర్యాలగూడలో సొంతంగా మసాజ్ థెరపీ గది తెరిచింది. రెండు బల్లలు, మధ్యలో ఒక తెర, ఉతికి మడిచిన తెల్లటి దుప్పట్లు. పాలు పొంగించాక మా బావ వచ్చినవాళ్లందరికీ పాత కథ మళ్లీ చెప్పాడు. కోదాడలో పొగరుబోతు మేడమ్ ఒకామె ఉందట. నొప్పితో వెళ్లిన మనిషిని ముట్టుకోనన్నదట. మేనమామ వెళ్లి గట్టిగా మాట్లాడితేనే పిల్లకు సీటు ఇచ్చిందట. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను ప్లేటులో ఉప్మా కలుపుతూ నవ్వాను. మేనకోడలు నా ప్లేటులో ఇంకో గరిటె చట్నీ వేసి వెళ్లిపోయింది.

ఆ కథలో నిజం లేదు. జరిగింది వేరు.

ఇరవై ఏళ్లు మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపినవాణ్ని నేను. నడుము ఎప్పుడో పాడైంది. నాలుగేళ్ల కింద మా అక్క కూతురు డిగ్రీ పూర్తి చేసి, మసాజ్ థెరపీ నేర్చుకుంటానంది. చిన్నప్పుడు సూర్యాపేటలో మా వీధి పసిపిల్లలకు నూనె రుద్దే ముసలమ్మ వెనకే తిరిగేది. ఆ ఇష్టం పోలేదు. బావకు ఆ మాటే నచ్చలేదు, నలుగురూ ఏమనుకుంటారోనని. మూడు రోజుల గొడవ తర్వాత అక్క తీర్పు చెప్పింది. మేనమామ వెంట వెళ్లి చూడాలి, ఆయన ఏది మంచిదంటే అందులోనే చేరాలి. దాని పుట్టువెంట్రుకలు తీసింది నా ఒళ్లోనే, చెవులు కుట్టించింది నా ఒళ్లోనే. అలా దాని చదువు కూడా నా ఒళ్లో పడింది.

దానికి మాత్రం నా సలహా కన్నా నా నొప్పితోనే ఎక్కువ పని. "నువ్వు రాకున్నా మంచిదే మామా, నీ నడుము వస్తే సాలు," అన్నది.

దాని పద్ధతి అది. ఫీజు, హాస్టలు అన్నీ తర్వాత. ముందు అక్కడి విద్యార్థి ఎవరైనా నా నడుముకు మసాజ్ చెయ్యాలి, అది పక్కన నిలబడి ఆ చేతుల్ని చూడాలి. ఆ వారమంతా మాకు తిరునాళ్లే. పొద్దున బస్సెక్కడం, దొరికినచోట మిర్చి బజ్జీలు తినడం, ఎవరో ఒకరు నడుము పడతారని ఎదురుచూడటం. నా జన్మలో అంత సుఖపడిన వారం లేదు.

సూర్యాపేటలోని సంస్థకు అద్దాల తలుపులు, ఏసీ, మూలన ప్లాస్టిక్ అస్థిపంజరం ఉన్నాయి. ఒక కుర్రాడు బొటనవేళ్లతో నొక్కడం మొదలుపెట్టాడు, పది నిమిషాల్లో గురకపెట్టాను. బయటికి వచ్చాక నేను భేష్ అంటే అది పెదవి విరిచింది. ఒక్క మాటైనా అడగకుండా నూనె పోశారంది. మిర్యాలగూడలో విద్యార్థులు చేరిన వారం నుంచే వచ్చేపోయేవాళ్లకు మసాజ్ చేస్తున్నారు, నేర్పేవాళ్లు మాత్రం కనబడలేదు. అక్కడ అది నన్ను చొక్కా కూడా విప్పనివ్వలేదు.

కోదాడలో స్కూలంటే ఒక ఇంటి ముందు భాగం, ఎనిమిది మంది విద్యార్థులు. మేడమ్ అంతకుముందు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసిన మనిషి. మేనకోడలు లోపలి గదిలో విద్యార్థులతో కలిసిపోయింది. వాళ్లు బల్ల మీద పడుకున్న మనిషికి దుప్పటి జారకుండా పక్కకు తిప్పడం నేర్చుకుంటున్నారు, నవ్వులు ఇవతలికి వినిపిస్తున్నాయి. మేడమ్ నన్ను ఇవతల కూర్చోబెట్టి వరుసగా అడిగింది. బీపీ ఉందా? మందులేమైనా వాడుతున్నారా? షుగరు ఉందా?

లేదన్నాను. ఉంది. ఏడాది కింద రక్తపరీక్షలో తెలిసింది. చెబితే లారీ దిగమంటారని, అక్క స్వీట్లు మాన్పిస్తుందని ఎవరికీ చెప్పలేదు.

ఆమె నన్ను కళ్లు మూసుకోమని, పాదాల మీద దూదితో తాకుతూ ఎక్కడ తగిలిందో చెప్పమంది. నాకు ఏమీ తగల్లేదు. నోటికొచ్చింది చెప్పాను. ఆమె దూది పక్కన పెట్టింది.

"మీ పాదాలకు స్పర్శ తెలియడం లేదు, ముందు ఆసుపత్రికి వెళ్లి షుగర్ చూపించుకోండి. ఆ కాగితం తెస్తే గానీ మా పిల్లలు మీ మీద చెయ్యి వెయ్యరు," అంది మెల్లగా.

లోపలి నుంచి మేనకోడలు వెలిగిపోతూ వచ్చింది. ఇదే మామా అంది. బస్సులో నేను అడ్డం తిరిగాను. పొగరుబోతు మనిషి, నన్ను ముట్టుకోనైనా లేదు, పని రానోళ్లే అట్లా చేస్తారు అన్నాను. అక్క తీర్పు ప్రకారం మేనమామ మాటే చెల్లింది. వారం తిరక్కుండా అది సూర్యాపేటలోని ఆ అద్దాల తలుపుల సంస్థలో చేరింది.

నలభై రోజులకు ఒక సాయంత్రం వాళ్లింటికి వెళితే అది టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంది. కుడి బొటనవేలు వాచి ఉంది. అక్కడ అన్నిటికీ బొటనవేలే. బరువు ఎక్కడి నుంచి వెయ్యాలో చెప్పేవాళ్లు లేరు. మెల్లగా అలవాటైతదిలే అన్నది. ఆ మాట నాకు తగలరానిచోట తగిలింది. దాన్ని పెరట్లోకి పిలిచి షుగరు సంగతి, దూది సంగతి అంతా చెప్పేశాను.

అది టీ గ్లాసు కింద పెట్టి అంది.

"షుగరు ఉన్నోళ్లు మస్తుమంది ఉన్నరు మామా. దాన్ని దాసనీకి మేనకోడలి సదువు మార్చినోన్ని నిన్నొక్కన్నే సూసిన."

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. మర్నాడే నన్ను దవాఖానకు లాక్కుపోయింది, అటు నుంచి కాగితంతో కోదాడకు. మేడమ్ మొదట నా కాగితం చదివింది, తర్వాత దాని బొటనవేలు చూసింది. క్లాసులు మొదలై చాలా రోజులైంది, వేలు తగ్గేదాకా ఊరికే చూస్తూ కూర్చోవాలి, సరేనా అంది. ఆమె మాట పూర్తయ్యేలోపే మా పిల్ల బల్ల పక్కన కూర్చుంది. నేను గట్టిగా మాట్లాడింది ఏమీ లేదు. గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను, అంతే.

ఆ తర్వాత అది సూర్యాపేటకు వచ్చిన ప్రతి ఆదివారం ఇల్లు సందడి. బరువు తూచే మెషీన్ నేల మీద పెట్టి, ముంజేతితో నొక్కుతూ ముల్లు పది కిలోల దగ్గర కదలకుండా నిలిపేది. వేలితో కాదు, ఒంటి బరువుతో. పక్కింటివాళ్లు కూడా పందెం వేసుకుని ఓడిపోయేవాళ్లు.

కోదాడలో చేరిన రోజే అది, షుగరు సంగతి అమ్మానాన్నలకు మాత్రం నువ్వే చెప్పుకోవాలి, నేను చెప్పను అంది నాతో. అంతలో బావ, ఆ పొగరు మేడమ్ ఎట్లా ఒప్పుకుందిరా అని అడిగాడు. గట్టిగా అడిగితే ఒప్పుకోదా బావా అన్నాను. నాలుగేళ్లు ఆ మాట మీదే బతికాను.

మిర్యాలగూడ నుంచి వచ్చిన మర్నాడు అక్క ఇంటికి వెళ్లి ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బావ నమ్మలేక రెండుసార్లు చెప్పించుకున్నాడు. అక్క చాట పక్కన పెట్టి, కోదాడ మేడమ్‌కు ఫోన్ కలపమంది. అన్నేళ్లు ఆమెను తిట్టినందుకు క్షమించమని అడిగింది. నన్ను తిట్టడం ఆ తర్వాత మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు.

మొన్న హాలియా నుంచి మా చుట్టాలమ్మాయి ఒకతె వచ్చింది, తనకూ ఈ పని నేర్చుకోవాలని ఉందని, ఎక్కడ చేరాలో తెలియడం లేదని. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"కోదాడ మేడమ్ తానికి పో బిడ్డా. అన్నీ అడుగుతది, అన్నీ నిజమే చెప్పు. మీ మేనమామను మాత్రం తీస్కపోకు."