నేను నింపిన సీసా

యుద్ధం రోజుల్లో నౌపడ స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే, పక్కనే ఒక ముసలి రైతు ఖాళీ సీసా పట్టుకుని కనిపించాడు.

"ఏటి మావా, తేనెకా?" అన్నాను.

"ఉచ్చకి" అన్నాడు. చక్కెర జబ్బుకి పెద్దాసుపత్రిలో ఆయన మీద కొత్త ఇన్సులిన్ పరీక్షిస్తున్నారట. "నీలం మందులో ఏసి మరగెడతారు. చక్కెరుంటే ఎర్రబడతాది. ఈపాలి కూడా ఎర్రబడితే, మందు పన్జెయ్యలేదని సూది ఆపేస్తారు. ఆ సూదితోనే లెగుస్తన్నాను, బాబూ. నువ్వు రోగం లేనోడివి. నీది కాస్త ఇయ్యి."

"కావాలంటే బిందెడు ఇస్తాను, మావా!" అని నవ్వుతూ చాటుకు వెళ్లి నింపి తెచ్చాను. ఆయన రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

నెల తిరక్కుండా, దాహం తీరడం లేదని నేనూ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నీలం మందులో వేసి మరగబెట్టిన నా ఉచ్చ ఇటుక రంగుకి తిరిగింది.

"ఎన్నాళ్ల నుంచి ఉందోయ్ ఇది?" అన్నాడు.

"కనీసం నౌపడ నుంచి ఉందండీ" అన్నాను.