బజ్జీలతో పోయిన చివరి అధ్యాయం

నా జీవితాన్ని తీర్చిదిద్దిన నవల నాకు మిరపకాయ బజ్జీల బండి దగ్గర దొరికింది. అప్పుడు నాకు పదహారేళ్లు. రామచంద్రపురం మార్కెట్ పక్కన ఉండేది ఆ బండి. దాని మూకుడులో ఏనుగు పిల్లకి సుఖంగా స్నానం చేయించొచ్చు. బండాయన తూకానికి కొన్న పాత పుస్తకాల్ని చించి, ఆ కాగితాల్లో బజ్జీలు పెట్టి ఇచ్చేవాడు. ఆ రోజు నా బజ్జీ కింద ఇద్దరు అన్నదమ్ములు పొలానికి నీళ్లొచ్చే బోదె దగ్గర కొట్టుకుంటున్నారు. నూనె మరక కిందనుంచి కూడా ఆ తిట్లు కణకణలాడుతున్నాయి. మిగతా పుస్తకం ఇమ్మని అడిగాను.

"వెనకనుంచే చింపుతున్నాను బాబూ, ముందంతా భద్రంగా ఉంది" అని ఓదార్చాడు బండాయన. ఇంకో నాలుగు బజ్జీలు తింటే పుస్తకం ఊరికే ఇచ్చేస్తానన్నాడు. తిన్నాను. ఆ నాలుగింటికీ ఇంకో రెండాకులు చింపాడు.

అలా నాకు దక్కిన నవల ఇది. పెద్ద నవల, గొప్ప నవల. మా లెక్చరర్లంతా తలుచుకుని మరీ నిట్టూర్చే నవల. అన్నదమ్ములు విడిపోతారు. తమ్ముడి గడప ముందుగా తొక్కనని అన్న ఒట్టు పెట్టుకుంటాడు. నాలుగొందల పేజీల్లో మూడు వరదలొస్తాయి, రెండు పెళ్లిళ్లవుతాయి, ఒక ఎద్దు చచ్చిపోతుంది, అన్న మాత్రం వంగడు. నాకు మిగిలిన ఆఖరి పేజీలో జోరున వాన. అన్న గొడుగేసుకుని కాలవ గట్టుమీద నిలబడి తమ్ముడింట్లో దీపం చూస్తుంటాడు. "గొడుగు ముడిచి" అన్న దగ్గర పేజీ అయిపోయింది.

తరవాతేమైందో నాకు అనుమానమే రాలేదు. ముడిచి ఇంటికెళ్లిపోయి ఉంటాడు. అంతటి మగాడు ఇంకేం చేస్తాడు?

ఆ ఒక్క పాఠంతో ముప్పై ఏళ్లు బతికాను. ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ కోసం పక్క సీటాయనతో పదమూడు నెలలు మాట్లాడలేదు. ఆటోలో ముందు సీటు ఇవ్వలేదని రావులపాలెం దాకా నిలబడి వెళ్లాను. ఆటోలో ఎలా నిలబడ్డావని అడక్కండి, పట్టుదల ఉంటే నిలబడొచ్చు. ఎవరేమన్నా ఆ నవల పేరు చెప్పి నోరు మూయించేవాణ్ణి. పుస్తకాలు చదివితే మనిషి బాగుపడతాడని మా ఇంటికొచ్చిన వాళ్లందరికీ కాఫీతోపాటు చెప్పేవాణ్ణి.

అదే పాఠం మా అక్క దగ్గరా వాడాను. అక్కది పెనుగొండ. నాలుగేళ్ల కిందట మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్ చేశాం. వెళ్లి బొట్టు పెట్టి పిలవడానికి తీరిక లేక, కార్డు ఫోటో వాట్సాప్‌లో అందరికీ పంపినట్టే అక్కకీ పంపాను. సామాన్యమైన కార్డు కాదు. బంగారు అంచు, పైనుంచి పువ్వులు రాలతాయి, సన్నాయి మోగుతుంది. అయినా అక్కకి నచ్చలేదు. మేనత్తని గుమ్మంలో బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో ఫోటో పడేస్తాడా అని రెండు జిల్లాల్లోనూ చెప్పి, ఫంక్షన్‌కి రాలేదు. హారతి వేళకి మా అమ్మాయి మేనత్త కోసం మెడ కొంగలా సాచి వీధి గుమ్మంకేసి చూడటం నేను చూశాను. చూసి కూడా ఫోన్ చేయలేదు. రానిది ఆవిడ, ముందు చేయాల్సింది ఆవిడ. నవల నా పక్షాన ఉంది.

మొన్న ఆషాఢంలో మా అమ్మాయికీ, ఎల్కేజీ నుంచీ దాని పక్కన కూర్చునే స్నేహితురాలికీ మాట పట్టింపు వచ్చింది. ఇంటర్‌లో చేరాక ఇలాంటివి గంటకొకటి వస్తాయిట. మా అమ్మాయి రెండు రోజులు అన్నం కెలికి, మూడో రోజు తనే వెళ్లి పలకరిస్తానంది. బీరువా పైనుంచి నవల దించి, దుమ్ము దులిపి, ఇది చదివి అప్పుడు వెళ్లమన్నాను. నాలుగొందల పేజీలు చదివేలోపు అవతలి పిల్లే దిగొస్తుందని నా లెక్క.

మూడు రోజుల్లో చదివేసింది. ఈ కాలం పిల్లలు పుస్తకం ముట్టరని పేపర్లలో రాసేవాళ్లని నేనెప్పుడూ నమ్ముతాను. నాకు అవసరమైన రోజునే ఆ మాట అబద్ధమైపోవాలా?

భోజనాల దగ్గర పుస్తకం నా కంచం పక్కన పెట్టింది.

"నాన్నా, చివరి పేజీలు లేవు."

లేకపోయినా ఫర్వాలేదు, అన్న వంగడు, గొడుగు ముడిచి ఇంటికెళ్లిపోతాడని చెప్పాను.

"బయట జోరున వాన కదా. ఇంటికెళ్లేవాడు గొడుగెందుకు ముడుస్తాడు?"

అది ఆయనిష్టం అని ఇంకో ముద్ద కలుపుకున్నాను.

"ఎవరింట్లోకైనా వెళ్లేటప్పుడే కదా నాన్నా ముడుస్తాం."

మా ఆవిడ పులుసు గరిటె అలాగే పట్టుకుని గోడకేసి తిరిగింది. నవ్వుతోందని వీపు చూస్తేనే తెలుస్తోంది. గాలికి ముడిచి ఉండొచ్చన్నాను. గొడుగు పాతదై ఉండొచ్చన్నాను. ఆ రోజుల్లో గొడుగులు వేరన్నాను. మా అమ్మాయి అన్నీ ఓపిగ్గా విని, చేయి కడుక్కుని వచ్చింది.

"నేను రేపు దానితో మాట్లాడతాను. అత్తతో కూడా మాట్లాడాలనుంది నాకు. నువ్వు ఎన్నాళ్లు గట్టుమీద నిలబడతావో నీ ఇష్టం."

మర్నాడు అది స్నేహితురాలింటికెళ్లి, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చింది. అదే పూట నేను లైబ్రరీకి వెళ్లాను, దాని మాట తప్పని రుజువు చేయడానికి. అక్కడి బీరువా తలుపు తెరిస్తే వచ్చిన దుమ్ముకి వీధిలో రెండు స్కూటర్లు ఆగిపోయాయి. నవల దొరికింది. చిరగని నవల. చివర పదకొండు పేజీలు. అన్న గొడుగు ముడిచి, తమ్ముడి అరుగుకి ఆనించి, మంచినీళ్లడుగుతాడు. తమ్ముడు చెంబు తెచ్చిస్తాడు. ఆ తరవాత పది పేజీలూ ఇద్దరూ, బోదె దగ్గర కొట్టుకున్న పాత రోజుని తిట్లతో సహా తలుచుకుని, ఇన్నేళ్లూ ఎంత వెధవల్లా బతికామా అని మాట్లాడుకుంటారు.

నాకు ఎవరిమీద కోపం రావాలో తెలియలేదు. అసలు మాట చివరిదాకా దాచిన ఆ రచయిత మీదా? వెనకనుంచి చించిన బండాయన మీదా? ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా లైబ్రరీ మెట్లెక్కని నా మీద మాత్రం రాకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకుంటే ఆగుతుందా? ఫంక్షన్ రోజు గుమ్మంకేసి సాచిన ఆ మెడ, ఇంటికొచ్చే దారి పొడుగునా నా ముందే నడిచింది.

ఆదివారం మా ఆవిడ కుంకుమ భరిణె సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. తనూ రమ్మంటే రానంది. "మీరు పంపిన ఫోటోకి మీరే జవాబు చెప్పుకోండి" అంది. నేనూ మా అమ్మాయీ బస్సెక్కి, జొన్నాడ దగ్గర ఒక గోదావరి, సిద్ధాంతం దగ్గర ఇంకో గోదావరి దాటి పెనుగొండలో దిగేసరికి వాన. అక్క గేటు ముందు గొడుగుతో ఆగిపోయాను. మా అమ్మాయి తుర్రున లోపలికి పోయి అత్త మెడ పట్టుకుని వేలాడుతోంది. నాది బటన్ గొడుగు. తెరుచుకోవడం మహా వేగం, ముడవాలంటే ముగ్గురు మనుషులు కావాలి. నొక్కాను, గుంజాను, మోకాలితో అదిమాను.

అక్క వరండాలోకొచ్చి కాసేపు వినోదం చూసింది. జుట్టు బాగా నెరిసింది.

"ఏంట్రా, వాట్సాప్ పనిచేయట్లేదా?"

సమాధానం చెప్పడానికి నోరు తెరిచాను, అందులో వాన పడింది. అక్క మెట్లు దిగి వచ్చి, గొడుగు లాక్కుని ఒక్క విదిలింపుతో ముడిచింది. ముడిచి నన్ను లోపలికి నెట్టింది. మా అమ్మాయి భరిణె తీసి అత్తకి బొట్టు పెట్టింది. దేనికే పిలుపు అని అడిగితే, ఊరికే అత్తా, భోజనానికి అంది. అక్క కళ్లు తుడుచుకుంది. హమ్మయ్య, కథ ముగిసిందనుకున్నాను.

"మీ అమ్మ రాలేదేం?" అంది అక్క. "ఇంటావిడ వచ్చి పిలవాలి కదే. తను వచ్చి పిలిస్తే తప్పకుండా వస్తాను."

నవల్లో తమ్ముడు చెంబుడు నీళ్లతో పని తేల్చేశాడు. మా అక్క ఆ నవల చదవలేదు. వచ్చే ఆదివారం మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ రెండు గోదావరులూ దాటాలి. నా పుస్తకానికి ఆ పదకొండు పేజీలూ జిరాక్స్ తీయించి, కుట్టించి సంచిలో పెట్టుకున్నాను. ముందున్న నాలుగొందల పేజీలూ వదిలేసినా ఫర్వాలేదని అక్కకి చెబుతాను.