బొల్లోడి వంతు

మొన్న గిద్దలూరులో మా కూతురు తన కుక్కపిల్లను డాక్టరుకు చూపించడానికి పోతూ, ఆటోలో దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని నన్నూ వెంటబెట్టుకొని పోయింది. అక్కడ గోడమీద కుక్కలకు పెట్టకూడనివన్నీ బొమ్మలతో సహా రాసి పెట్టారు: చాక్లెట్లు, ద్రాక్షపండ్లు, ఉల్లిపాయలు, ఇంకా ఏవేవో. మా చిన్నతనంలో మనుషులకే జ్వరమొస్తే తప్ప ద్రాక్షపండు దొరికేది కాదు, ఇక కుక్కకు పెట్టేదెవరని నాలో నేను నవ్వుకున్నాను. అట్టడుగున, పచ్చి మాంసమూ పచ్చి తలకాయా పెట్టరాదన్న మాట చదివాక మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది. కడుపులో పురుగులు పోవడానికి మాత్ర ఎట్లా మింగించాలో డాక్టరు కూతురికి చెబుతున్నంతసేపూ నా మనసు కొమరోలు పక్క మా ఊళ్లో, మా నాయన గొర్రెల వెంటే తిరిగింది.

మాకు సెంటు భూమి లేదు. నాయనకూ చిన్నాయనకూ ఉమ్మడిగా ఉన్న ఆ గొర్రెల మందే మాకు చేను, అదే చెలక, అదే రెండు పూటలా సంగటి. ఆ మందకు కాపలా బొల్లోడు. ఒళ్లంతా నల్లగా ఉండి నొసట తెల్లమచ్చ ఉండబట్టి ఆ పేరు వచ్చింది. ఎరువు కోసం రైతులు మందను చేలల్లో కట్టించుకొనేవాళ్లు కదా, అట్లాంటి రాత్రుళ్లు నాయన గొంగళి కప్పుకొని గురకపెట్టి నిద్రపోయేవాడంటే, అది బొల్లోడు మేలుకొని ఉంటాడన్న ధీమాతోనే. తోడేలును ఒంటరిగా తరిమికొట్టి, చెవి చీల్చుకొని వచ్చిన కుక్క అది.

మా ఇళ్లల్లో ఒక కట్టుబాటు ఉండేది. గొర్రె దానంతటది చస్తే, దాని తల మందకుక్కది. కళ్లంలో చాకలికీ మంగలికీ మేర గింజలు కొలిచినట్టే కుక్కకు తల. అది ఎవరో దయతలచి వేసేది కాదు. బొల్లోడికి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. గొర్రెను కోస్తున్నంతసేపూ ఎగబడకుండా, అరవకుండా, దూరంగా ముందుకాళ్లు చాపుకొని పెద్దమనిషిలా కూర్చొని ఉండేవాడు. నాయన తల ముందర వేసి ‘ఇంద’ అంటేనే లేచి వచ్చి, నోట కరుచుకొని కానుగచెట్టు కిందికి పోయేవాడు.

ఒక ఏడు వానలు బాగా పడి, గడ్డి మోకాలెత్తు పెరిగి, ఇక మన కష్టాలు తీరినట్టేననుకొంటున్న రోజుల్లో మందలో గొర్రెలు తిరగడం మొదలుపెట్టాయి. మంచిగా మేస్తున్న గొర్రె ఉన్నట్టుండి తల ఒక పక్కకు వాల్చి, గానుగెద్దు మాదిరి అక్కడక్కడే తిరిగి తిరిగి, మేత మానేసి, కొన్నాళ్లకు పడిపోయేది. గాలి సోకిందని అవ్వ దిష్టి తీసింది. ఎవరో చెప్పారని చిన్నాయన వాటి నుదుటిమీద వాతలు పెట్టాడు. వాతలు మిగిలాయి, గొర్రెలు మిగలలేదు. చచ్చినదాని తల చచ్చినట్టే బొల్లోడికి పోతూ ఉంది, మేమంతా దిగులుతో చిక్కిపోతుంటే అతగాడి ఒళ్లు మాత్రం నిగనిగలాడుతూ ఉంది.

చివరికి నాయన అట్లా తిరుగుతున్న గొర్రెను ఒకదాన్ని భుజాన వేసుకొని బస్సెక్కి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. అది అక్కడే చచ్చిపోతే, డాక్టరు దాని తల తెరిచి చూపించాడట. మెదడులో నీళ్లతిత్తి, ఆ తిత్తి గోడకు బియ్యపు నూకల్లాంటి తెల్లటి చుక్కలు. ఆ తలను కుక్క తింటే ఆ చుక్కలు దాని కడుపులో పురుగులవుతాయట, ఆ పురుగుల గుడ్లు కుక్క దొడ్డికి పోయినచోట గడ్డికి అంటుకొంటాయట, ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో మళ్లీ తిత్తి కడుతుందట. నాయన అరుగుమీద కూర్చొని ఇదంతా చెప్పాడు. తోడేళ్ల నుంచి మందను కాపాడిన బొల్లోడి కడుపులోంచే మంద చావు పుడుతూ ఉందన్నమాట.

ముందు మాట్లాడింది చిన్నాయన. ‘మందే లేకుండా పోయినాక కుక్క దేన్ని కాస్తదన్నా? అడివి తట్టు తోలుకపోయి ఇడిసిపెట్టొస్తా.’

నాయన, ‘అది దొంగతనంగా తినిందంట్రా? మనం పెడితేనే గదా తినింది’ అన్నాడు.

మళ్లీ వానాకాలం దాకా చూద్దామని, అప్పుడు కూడా గొర్రెలు తిరిగితే బొల్లోడిని తోలెయ్యాల్సిందేనని ఒప్పందమైంది. డాక్టరిచ్చిన మాత్రను సంగటిముద్దలో పెడితే, ముద్దంతా తిని మాత్రను మాత్రం నాలుక చివర నిలబెట్టి నేలమీద పెట్టేవాడు మహానుభావుడు. చివరికి అమ్మ దాన్ని నేతిలో నూరి నాకించింది. పుట్టి బుద్ధెరిగాక మెడకు తాడెరగని కుక్కను మందు దిగేదాకా కట్టేశాము. అది పోయిన దొడ్డిని తట్టతో ఎత్తి కాల్చడం నా వంతుకు వచ్చింది. రాజులకు కూడా ఇంత సేవ జరగదని అవ్వ సణిగేది. కుక్కను ముట్టుకున్న చేత్తో అన్నం తింటే వీపు పగలగొడతానని అమ్మ బెదిరించేది.

ఇవన్నీ ఒక ఎత్తు, తల మానిపించడం ఒక ఎత్తు. ఆ తర్వాత చచ్చిన గొర్రె తలను నాయన పాతిపెడితే బొల్లోడు తవ్వుకొన్నాడు. అప్పటినుంచి కంప పేర్చి కాల్చడం మొదలుపెట్టాడు. మంట కాలుతూ ఉంటే బొల్లోడు ఎప్పటిమాదిరే దూరంగా ముందుకాళ్లు చాపుకొని, ‘ఇంద’ అనే మాట కోసం నాయన మొహం చూస్తూ కూర్చొనేవాడు. బూడిద చల్లారేదాకా కూర్చొని లేచిపోయేవాడు. అట్లాంటి రోజుల్లో నాయన సంగటి ముందర పెట్టుకొని కెలికి వదిలేసేవాడు. బాగా ఉడకబెట్టి పెడితే ఏం కాదేమోనని అమ్మ అంటే, ఒకసారి సందు ఇస్తే పది సందులవుతాయని నాయన ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు బొల్లోడు వచ్చి కూర్చోవడమే మానుకొన్నాడు. మంద వెంట పోవడం మాత్రం ఒక్కపూటా మానలేదు.

మరుసటి వానాకాలం ఒకటో రెండో తిరిగాయి. ఇంకొక్క ఏడు చూద్దామని ఈసారి చిన్నాయనే అన్నాడు. ఆ తర్వాత మా మందలో ఆ జబ్బు కనపడలేదు, అడవి మాట ఎవరూ ఎత్తలేదు.

బొల్లోడు ముసలివాడై, పండ్లూడి, కండ్లకు పొరలు కమ్మి, కానుగచెట్టు కిందనుంచి లేవలేని స్థితికి వచ్చాడు. డాక్టరు చూసి ఇది వయసు, దీనికి మందు లేదన్నాడు. మజ్జిగ పోసినా ముట్టడం మానేసిన రోజున, జాతరకు తప్ప చేతులారా బతికున్న గొర్రెను కోయని మా నాయన, ఏ పండగా లేకుండా మందలోంచి మంచి పొట్టేలును పట్టుకొచ్చి కోశాడు. మాంసం అయినవాళ్లకు పంచి, తల తీసుకొచ్చి బొల్లోడి ముందర పెట్టాడు. బొల్లోడు వాసన చూసి, ముట్టుకోకుండా, ఆ పొరలు కమ్మిన కండ్లతో నాయన మొహం వెతికాడు.

‘ఇంద. నీదేరా, తిను’ అన్నాడు నాయన. అన్నాక పక్కకు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకొన్నాడు.

తినే ఓపిక బొల్లోడికి లేదు. ఒకసారి నాకి, దానిమీద గడ్డం ఆనించి పడుకొన్నాడు. సాయంత్రం మంద ఇంటికి మళ్లే వేళకు పోయాడు. చెట్టు పక్కనే గుంట తీసి, తలను కూడా దాని దగ్గరే పెట్టి నాయన మన్ను పూడ్చాడు. వేరే కుక్కలు తవ్వకుండా బండరాళ్లు మోసుకొచ్చి పేర్చింది మా చిన్నాయన.

గిద్దలూరులో మాత్రను ఉమ్మేస్తున్న కుక్కపిల్లను చూసి, నేతిలో నూరి నాకించమని కూతురికి చెప్పాను. దానికి పరుపుంది, గిన్నె ఉంది, సూదిమందులకు చీటీ ఉంది. బొల్లోడికన్నా నాలుగేళ్లు ఎక్కువే బతుకుతుంది, బతకాలి కూడా. ఇప్పటి కుక్కలు ముద్దుకు పెరుగుతున్నాయి, ఆనాటివి పనికి పెరిగాయి, వాటికి ఇంట్లో ఒక హక్కుండేది. మా మంద ఎప్పుడో అమ్ముడుపోయింది, కానుగచెట్టు ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో బత్తాయి తోట.

ఎవరింట్లోనైనా తలకాయ కూర వడ్డిస్తే నేను వద్దంటాను. ఒంటికి పడదని చెబుతాను గానీ, అది నా వంతు కాదు.