నిన్నటి మాస్టారు

తిరువూరులో రాధాకృష్ణమూర్తి మాస్టారికి తెలియని విషయం ఏదైనా ఉందంటే అది ఇవాళ్టి విషయమే. నిన్నటి దాకా ఏమడిగినా చెబుతారు. ఇవాళ్టి సంగతి రేపు కనుక్కోమంటారు. టీవీలో వచ్చేది ఏదైనా సరే, వచ్చిన రోజున చూడరు. రికార్డు చేసి, దానికి ఒక రాత్రి నిద్ర చేయించి, మర్నాడు మధ్యాహ్నం మూడింటికి చూస్తారు. సీరియల్ కానివ్వండి, వార్తలు కానివ్వండి, క్రికెట్ కానివ్వండి, అన్నిటికీ ఒకటే రూలు.

సోమవారం రాత్రి వార్తల్లో రేపు భారీ వర్షాలని చెబితే మాస్టారు ఆ మాట మంగళవారం వినేవారు. అప్పటికే మంగళవారం పొద్దున కూరగాయలకి వెళ్లి తడిసి ముద్దై వచ్చేవారు. ఇక బుధవారం, ఎండ మాడు పగలగొడుతుంటే, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి నల్లగొడుగు వేసుకుని బస్టాండు సెంటర్లో నడిచేవారు.

"గొడుగేంటి మాస్టారూ ఇంత ఎండలో?"

"వానొస్తుందన్నారయ్యా."

"అది నిన్న వచ్చి పోయిందండి!"

"అలాగా? నాకింకా రాలేదు."

ఊరంతా ఈ కథలు చెప్పుకుని నవ్వేది. ఒక్క లాజరుకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఎందుకంటే లాజరు కేబుల్ టీవీ మనిషి. మాస్టారి దగ్గరే పదో తరగతి సైన్సు చదువుకున్నాడు. ఆ తర్వాత స్తంభాలెక్కి, డాబాలెక్కి, కుక్కలతో కరిపించుకుని నూట ముప్పై ఇళ్లకి తీగలు లాగాడు. అతనూ, భార్య ప్రేమావతీ, ఇద్దరు పిల్లలూ ఆ తీగల మీదే బతుకుతున్నారు. ఆ నూట ముప్పైలో మొట్టమొదట కనెక్షను తీసేయమన్న ఇల్లు మాస్టారిది.

అది రెండువేల సంవత్సరం వేసవి. మాస్టారు రిటైరై అప్పటికి మూడు రోజులు.

"ఒరేయ్ లాజరూ, మా ఇంటి కేబులు పీకెయ్యరా" అన్నారు, గుమ్మంలోకి వచ్చి.

లాజరు రసీదు పుస్తకం మూసేశాడు. "ఏం తప్పు జరిగిందండి సార్? బొమ్మ సరిగా రావట్లేదా?"

"బొమ్మకేం, బంగారంలా వస్తోంది. ముప్పై రెండేళ్లు పిల్లలకి ఉపగ్రహాల పాఠం చెప్పాన్రా. ఒక్కదాన్నీ పట్టుకోలేదు. పైనుంచి ఊరికే దిగేదాన్ని నీ దగ్గర కొనుక్కుని చూస్తుంటే సైన్సు మాస్టారిగా నాకు నామోషీగా ఉంది."

ఆ రోజుల్లో కొన్ని తెలుగు ఛానళ్లు నిజంగానే తాళాలూ గీళాలూ లేకుండా ఆకాశం నుంచి ఉచితంగా దిగేవి. కాకపోతే పట్టుకోవాలంటే ఎనిమిదడుగుల డిష్ కావాలి. మాస్టారు బెజవాడ వెళ్లి ఒక పాత డిష్‌ని బేరమాడి, మామిడికాయలు దింపి ఖాళీగా తిరిగొస్తున్న లారీ మీద ఎక్కించారు. రెడ్డిగూడెంలో ఎవరో ఆపి, ఇంత పెద్ద జల్లెడతో ఏం జల్లిస్తారండీ అని అడిగారు. విస్సన్నపేటలో ఒకావిడ అది నెమలి గ్రామంలోని గుడికి వెళ్తోందనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. మాస్టారు కాదనలేదు. వచ్చిన దణ్ణాన్ని వెనక్కి పంపడమెందుకని ఊరుకున్నారు.

డిష్ డాబా ఎక్కింది గానీ ఉపగ్రహం దొరకలేదు. మాస్టారు దిక్సూచీ కోణమానినీ పట్టుకుని మూడు రోజులు డిష్‌ని తిప్పారు. టీవీలో చుక్కలు తప్ప మరేమీ కనిపించలేదు. నాలుగో రోజు కబురు ఎవరికి పంపారనుకున్నారు? లాజరుకే! తిరువూరులో డిష్ తిప్పడం తెలిసింది అతనొక్కడికే మరి.

లాజరు నిచ్చెన భుజానికెత్తుకుంటే ప్రేమావతి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్లుంటారని విన్నాగానీ, దానికి నిచ్చెన కూడా మనింట్లోంచే మోసుకెళ్తున్నావా?"

"గురువుగారే. ఎట్టా కాదంటాను?"

పది నిమిషాల్లో బొమ్మ పడింది. మాస్టారు డాబా పిట్టగోడ మీంచి వీధిలోకి వంగి, "వీడు నా స్టూడెంటండీ! నా స్టూడెంటు!" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పారు. లాజరు గర్వపడుతూనే, ఆ వీధిలో తన తీగలున్న ఇళ్లు లెక్కపెట్టుకున్నాడు.

మాస్టారి భార్య దుర్గాంబగారికి డిష్‌లో కనిపించింది ఉపగ్రహం కాదు, జాగా. "ఇంత పళ్లేన్ని ఎండలో ఖాళీగా ఉంచడమేంటి?" అని అందులో తడిగుడ్డ పరిచి మినప వడియాలు పెట్టారు. బొమ్మ మాయమైంది. మాస్టారు రోజల్లా వైర్లు విప్పి చూసుకున్నారు. సాయంత్రం వడియాలు ఎత్తగానే బొమ్మ తిరిగొచ్చింది. తన రిపేరు ఫలించిందని మాస్టారు సంతోషించారు. ఆవిడ చెప్పలేదు.

తర్వాత వీసీఆర్ వచ్చింది. కరెంటు కోతకి విరుగుడుగా ఇన్వర్టరు, దానికి పక్కింటి ఆదిశేషయ్యగారు దానంగా ఇచ్చిన పాత ట్రాక్టరు బ్యాటరీ వచ్చాయి. ఆదిశేషయ్యగారు మామిడితోటల ఆసామి, మంచి మనిషే, ఉచితమంటే మాత్రం కాస్త చెవి కోసుకుంటారు. క్యాసెట్లు ముప్పై. వాటి మీద మాస్టారు తేదీలు రాయలేదు, తిథులు రాశారు. పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా పదిహేను, మళ్లీ పాడ్యమి నుంచి అమావాస్య దాకా పదిహేను. ఏ తిథినాటి కార్యక్రమం ఆ తిథి క్యాసెట్‌లోకి వెళ్తుంది. మళ్లీ నెల అదే తిథికి దాని మీదే ఎక్కిస్తారు. పంచాంగం ఉన్నంతకాలం క్యాసెట్లు కొనక్కర్లేదని ఆయన లెక్క.

అప్పట్లో మా వైపు సాయంత్రం ఏడింటికి కరెంటు తీస్తే తొమ్మిదింటి దాకా ఇచ్చేవారు కాదు. వీధి వీధంతా ఏడున్నర సీరియల్ పోగొట్టుకుని చీకట్లో విసనకర్రలు విసురుకునేది. ఒక్క మాస్టారి వీసీఆర్ మాత్రం ట్రాక్టరు బ్యాటరీ మీద గుర్రుగుర్రుమంటూ అంతా మింగి కూర్చునేది. ఈ రహస్యం దుర్గాంబగారి నోటి నుంచి బయటపడిన మర్నాడు మధ్యాహ్నం, ఆదిశేషయ్యగారి భార్య రావమ్మ ముందు నడవగా, పదకొండు మంది ఆడవాళ్లు మాస్టారి హాల్లో చాపలేసుకుని కూర్చున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు పొద్దున ఆదిశేషయ్యగారు వీధిలోని మగవాళ్లందర్నీ వెంటబెట్టుకుని మాస్టారి అరుగు మీదికి వచ్చారు. అదే సమయానికి లాజరు ఎదురు స్తంభం మీద ఉన్నాడు.

"మాస్టారూ, మీ డిష్‌లోంచి మా ఇళ్లకి తలో వైరు లాగేస్తే సరిపోతుంది కదండీ. వైరు మేం తెచ్చుకుంటాం. ఇంక కేబులు దేనికి, దండగ!"

లాజరు స్తంభాన్ని గట్టిగా వాటేసుకున్నాడు. ఈ వీధి పోతే పక్క వీధీ పోతుంది. అందరికీ మేనమామలూ తోడల్లుళ్లూ ఉన్న ఊరు, నెల తిరక్కుండా తను మళ్లీ కూలి వెతుక్కోవాలి. అందుకు కారణం తను తిప్పి పెట్టిన డిష్!

మాస్టారు అరుగు మీద కూర్చుని ముక్కుపొడుం నలిపారు.

"తప్పకుండా ఇస్తానండీ. కాకపోతే నిన్నటిది ఇస్తాను."

"నిన్నటిదేంటండీ?"

"నేను ఇవాళ్టిది ఇవాళ చూడను. నా డిష్ మీద ఇంకొకర్నీ చూడనివ్వను. పాలు ఇవాళ తోడు పెడితే పెరుగు రేపు కదండీ. ఏదైనా ఒక రాత్రి ఊరితేనే రుచి."

"మాస్టారూ, అది టీవీ అండి. పెరుగు కాదు."

"సైన్సు నేను చెప్పానా, మీరు చెప్పారా?"

వచ్చినవాళ్లు తల గోక్కుంటూ వెళ్లిపోయారు. రిటైరయ్యాక మాస్టారికి తిక్క ముదిరిందని ఆదిశేషయ్యగారు తేల్చారు. నిన్నటి బొమ్మ కోసం ఎవరూ వైరు కొనరు కదా, ఎవరి కేబులు వాళ్లు ఉంచుకున్నారు. లాజరు స్తంభం దిగి, దేవుడు కొందరి తిక్కని కూడా మేలుకే వాడుకుంటాడని సమాధానపడ్డాడు.

కానీ ఆదిశేషయ్యగారు ఊరికే వదిలే రకం కాదు. తిక్క నిజమో కాదో తేల్చాలని, ఇండియా మ్యాచ్ ఓడిన సాయంత్రం వీధిలోకి వచ్చి, "మాస్టారూ, మనం ఓడిపోయాం!" అని అరిచారు. మాస్టారు చెవుల్లో గుప్పెడు దూది కుక్కుకుని తులసికోట చుట్టూ తిరుగుతున్నారు. మర్నాడు మ్యాచ్ చూసి, ఆ పై రోజు కళ్లు ఎర్రగా చేసుకుని ఆదిశేషయ్యగారింటికి పరామర్శకి వెళ్లారు. "చూశారా, చివరి ఓవర్లో ఎంత అన్యాయం జరిగిపోయిందో!" ఊరంతా మైల తీరి స్నానాలు చేశాక ఈయనకి మైల మొదలైంది. ఆ దెబ్బతో ఆదిశేషయ్యగారికి పూర్తిగా నమ్మకం కుదిరింది.

అలా ఏడాది గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం టీవీ వెనక వదులైన వైరు బిగించడానికి లాజరు మాస్టారింటికి వచ్చాడు. హాలు నిండా చాపలు, చాపల నిండా ఆడవాళ్లు. మాస్టారు పంచమి క్యాసెట్ తీసి వీసీఆర్‌లో పెట్టారు. సీరియల్ మొదలై రెండు నిమిషాలు కాగానే రావమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఇదేంటి దుర్గాంబగారూ! పోయిన మామగారు లేచి కాఫీ తాగుతున్నాడు!"

ఆ మామగారు పోయి మూడు వారాలైంది. ఆయన పోయిన రోజున ఈ హాల్లో ఎవరూ కాఫీ ముట్టలేదు కూడా.

"చిన్నకోడలి కలేమోనమ్మా" అంది ఒకావిడ.

"కల్లో అంత పంచదార అడుగుతాడా? ఈయన కవల అన్నదమ్ముడై ఉంటాడు."

"ఆస్తికే వచ్చుంటాడు దొంగసచ్చినోడు!"

అసలు జరిగిందేంటంటే, ఆ నెల్లో పంచమి క్షయ తిథి. చవితి తర్వాత నేరుగా షష్ఠి వచ్చేసింది. నిన్నటి భాగం షష్ఠి క్యాసెట్‌లో ఎక్కింది. పంచమి క్యాసెట్‌లో పోయిన నెలది అలాగే ఉండిపోయింది. మాస్టారు అలవాటు కొద్దీ చవితి పక్కనున్నది తీశారు. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషి, కళ్లముందు తప్పు సిద్ధాంతం బలపడుతుంటే ఓర్చుకోలేకపోయారు.

"కవలా లేడు, గివలా లేడు! ఇది పాతది. నిన్ననేగా చిన్నకోడలు ఆయన వీలునామా పొయ్యిలో పడేసింది!"

రావమ్మ మెల్లగా తల తిప్పింది.

"నిన్నటిది మీరింకా చూళ్లేదు కదండీ మాస్టారూ?"

మాస్టారు ఖాళీ క్యాసెట్ అట్టని తిరగేసి చూడసాగారు. దుర్గాంబగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. లాజరుకి సంగతేంటో అర్థం కాలేదు గానీ, గురువుగారు ఇరుక్కున్నారని మాత్రం తెలిసింది.

"నేనే చెప్పానండమ్మా పొద్దున. మా ఆడమనిషి విస్సన్నపేటలో వాళ్లమ్మగారింట్లో చూసొచ్చింది."

"చెప్పేశావా? ఏడాది పట్టిన మాస్టారి వ్రతం చెడగొట్టావు కదయ్యా లాజరూ!" అని రావమ్మ చెడామడా తిట్టింది. మిగతావాళ్లు తలో మాట వేశారు. లాజరు తల వంచుకుని అన్నీ పడ్డాడు. మాస్టారు షష్ఠి క్యాసెట్ వెతికే నెపంతో లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఏడున్నరకి, కరెంటు పోయిన వీధిలో నడుచుకుంటూ లాజరు మాస్టారింటి పెరటి తలుపు తట్టాడు. దుర్గాంబగారు తలుపు తీసి, నోటి మీద వేలేసుకుని, సామాన్ల గదిలోకి తీసుకెళ్లారు. ఆవకాయ జాడీల మధ్య, బియ్యం డబ్బా మీద, హాల్లోంచి మోసుకొచ్చిన వీసీఆర్ పక్కన, చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ వెలుగుతోంది. సౌండు లేదు. మాస్టారు ముక్కు దానికి ఆనించి చూస్తున్నారు. లాజరుని చూడగానే, పరీక్షలో చీటీ దాచే పిల్లాడిలా టీవీకి అడ్డం నిలబడ్డారు.

"ఇవాళ్టిదే కదండి సార్?"

"కాదు."

"వీసీఆర్ మీద రికార్డింగు లైటు వెలుగుతోందండి."

మాస్టారు ఆ లైటు మీద పైపంచె కప్పారు.

"ఇంక చెప్పేద్దురూ, వాడి దగ్గర దాపరికమేంటి?" అన్నారు దుర్గాంబగారు. "ఏడాది నుంచీ ఇదే కాపురం లాజరూ. రోజూ ఇవాళ్టిది ఇవాళే చూస్తున్నాం. సౌండు పెడితే రావమ్మకి వినిపిస్తుందని మూగసినిమా చూస్తున్నాం."

"ఎందుకు సార్ ఈ తిప్పలు?"

మాస్టారు బియ్యం డబ్బా మీద ధూళి తుడిచారు. "ఏం చెయ్యమంటావురా? ఆ వైర్లకి కాదందామంటే బ్యాటరీ ఆదిశేషయ్యగారిది. అవునందామంటే నీ పిల్లల నోటికాడ కూడు పోతుంది. నాకు ఉపగ్రహం పట్టిచ్చినవాడివి నువ్వు. తిక్కమనిషైతే ఎవరూ గట్టిగా అడగరని తిక్కమనిషినయ్యాను."

"మరి ఎండలో గొడుగండి?"

"అది మొదట్లో నటనేరా. తర్వాత్తర్వాత ఏది నిన్నో ఏది ఇవాళో నాకే తేడా తెలియడం మానేసింది."

ఏడాది పాటు ఊరంతా నవ్వుతుంటే ఆయన లాజరు కోసం నవ్వించుకున్నారు. లాజరు దణ్ణం పెడదామని ఆయన కాళ్ల మీదికి వంగితే ఇరుకు గదిలో తల జాడీకి కొట్టుకుంది.

"జాడీ! జాడీ జాగ్రత్త!" అన్నారు మాస్టారు. "అలా కూర్చో ముందు. అడ్డంగా నిలబడితే కనిపించట్లేదు."

లాజరు తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. కరెంటున్న రోజుల్లో నూట ముప్పై ఇళ్లకి ఆ సీరియల్‌ని మోసినవాడేగానీ, ఆ వేళకి రోజూ ఏదో ఒక స్తంభం మీద ఉండటం వల్ల ఒక్క భాగమూ చూసి ఎరగడు. పావుగంటలో పూర్తిగా మునిగిపోయాడు.

"ఆవిడెందుకు ఏడుస్తోందండమ్మా?"

"ఏమో నాయనా, మాటలు వినపడితే కదా."

"రేపు మూడింటికి వచ్చి అందరితో కూర్చో, వినపడతాయి" అన్నారు మాస్టారు. "కానీ ఏమీ తెలియనట్టు మొహం పెట్టాలి సుమా!"

మర్నాడు మూడింటికి లాజరు బుద్ధిగా ఆడవాళ్ల వెనక కూర్చున్నాడు. ఏమీ తెలియనట్టు మొహం కూడా పెట్టాడు. తీరా చిన్నకోడలు బీరువా తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, ఇంకా తెరవనైనా లేదు, "అయ్యయ్యో, నగలు లేవు!" అన్నాడు. పదకొండు తలలు వెనక్కి తిరిగాయి. మాస్టారు గట్టిగా దగ్గి, వీళ్లావిడ మళ్లీ విస్సన్నపేట వెళ్లినట్టుందని సర్దిచెప్పారు. ఆ వారమంతా సాయంత్రాలు సామాన్ల గదిలో ఆయన లాజరుకి ఆశ్చర్యపోవడం నేర్పించారు.